మ్యాడెన్ ఏటా కొనాలా? ఆటను పరీక్షించి తీసుకునే పద్ధతి

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. మా అబ్బాయికి 13 ఏళ్లు. వాడి బడిలో అందరూ అమెరికన్ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకుంటారు. ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉంది. మ్యాడెన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 26, కాలేజ్ ఫుట్‌బాల్ 26 అనే వీడియో గేమ్‌లు రెండూ కలిపి దాదాపు 150 డాలర్లకు వస్తాయి, కొనిపెట్టమని అడుగుతున్నాడు. ఏటా పేరు మార్చి అదే ఆట అమ్ముతారు, దండగ అని మావారు అంటారు. నాకు అసలు ఫుట్‌బాలే తెలియదు, ఇక వీడియో గేమ్ మంచిదో కాదో ఎలా తేల్చను? ఒకరినొకరు గుద్దుకునే ఆట పిల్లవాడికి మంచిదేనా అన్న బెంగ కూడా ఉంది.
– ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా, ఆ 150 డాలర్ల కట్ట కొనకండి. అందులో అదనంగా ఇచ్చేవి చాలావరకు రెండు: విడుదలకు మూడు రోజుల ముందే ఆడుకునే వీలు, ఆటలో కార్డులు కొనుక్కోవడానికి పాయింట్లు. ఆట విడుదలైపోయాక మొదటిదానితో పని లేదు. రెండోది మీ అబ్బాయి చేతికి అందకపోవడమే మేలు, ఎందుకో తర్వాత చెబుతాను. రెండు ఆటల్లో ఒకటి చాలు. అది ఏదన్నది పిల్లవాడి ఇష్టాన్ని బట్టి, మీరు ఇంట్లోనే పెట్టగలిగే కొన్ని పరీక్షలను బట్టి తేలుతుంది.

మీవారు అన్న మాటలో నిజం ఉంది. ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఆటలో ఏమి చూడాలో కూడా తెలుస్తుంది. జాన్ మ్యాడెన్ అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఓక్లాండ్ రైడర్స్ జట్టుకు కోచ్‌గా ఉండి 1977 జనవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచిన మనిషి. తర్వాత టీవీ వ్యాఖ్యాతగా అమెరికా అంతటికీ ఇష్టుడయ్యాడు. ఆయన విమానం ఎక్కేవాడు కాదు. అందుకని ఈ ఆటలను తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) సంస్థ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ ఆయనతోపాటు రైలెక్కి, ప్రయాణంలోనే ఆట గురించి చర్చించాడు. అప్పటి కంప్యూటర్లు తెర మీద 22 మందిని ఒకేసారి కదిలించలేవు, జట్టుకు ఆరుగురినో ఏడుగురినో పెట్టుకుందామని తయారీదారులు అడిగారు. మ్యాడెన్ ఒప్పుకోలేదు. జట్టుకు 11 మంది లేకపోతే అది ఫుట్‌బాల్ కాదు, దాని మీద తన పేరు ఉండకూడదు అన్నది ఆయన పట్టు. ఆ పట్టు వల్ల ఆట ఏళ్ల తరబడి ఆలస్యమై 1988లో యాపిల్ 2 కంప్యూటర్‌కు వచ్చింది. ఈ ఆటను తూచడానికి నా దృష్టిలో ఇప్పటికీ అదే గీటురాయి. తెర మీద ఉన్న 22 మందీ నిజంగా ఫుట్‌బాల్ ఆడుతున్నారా, లేక మీ చేతిలో ఉన్న ఒక్కడే ఆడుతూ మిగిలిన 21 మందీ బొమ్మల్లా తిరుగుతున్నారా?

చాలా ఏళ్లపాటు ఈ ఆటకు గట్టి పోటీ ఉండేది. 2004లో సెగా అనే గేమ్ సంస్థ తరఫున వచ్చిన ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 అనే ఆటను 19.99 డాలర్లకే అమ్మారు. ఆట కూడా చాలా బాగుండేది, ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ దాన్ని తీసి ఆడుతుంటారు. ఆ దెబ్బకు మ్యాడెన్ ధర 29.95 డాలర్లకు దిగింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల పేర్లను, ఆటగాళ్లను వాడుకునే హక్కును ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తనకొక్కదానికే దక్కేలా ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి మ్యాడెన్‌కు గట్టి పోటీ ఇచ్చే ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్ ఇంకొకటి రాలేదు. 20 డాలర్ల పోటీ ఉన్న రోజుల్లో 30కి దిగినది పోటీ పోయాక 70కి చేరింది. ఏటా ఆగస్టులో కొత్త అంకెతో వస్తుంది. కొన్ని ఏడాదుల్లో మార్పు బాగా తెలుస్తుంది, కొన్ని ఏడాదుల్లో వెతికితేగాని కనబడదు. కాబట్టి కొనేవాళ్లే పరీక్షించుకోవాలి.

పరీక్షకు ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి, వాటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లకు. ఎదుటి జట్టు గోల్ గీత దాటి బంతిని చేరవేస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. స్తంభాల మధ్యగా తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ప్రతి అవకాశానికీ ముందు రెండు జట్లూ ఒక పథకం ఎంచుకుంటాయి. క్రికెట్‌లో కెప్టెన్ అప్పుడప్పుడు ఫీల్డింగ్ సర్దుతాడు కదా, ఇక్కడ ఆ సర్దుబాటు ప్రతి అవకాశానికీ జరుగుతుంది, ఇరువైపులా జరుగుతుంది, ఎదుటివాడి పథకం కనబడకుండా జరుగుతుంది. ఈ ఆటలోని ఆనందమంతా ఆ ఊహలోనే ఉంది. ఇంతమాత్రం తెలిస్తే ఈ కింది పరీక్షలన్నీ మీరే చేయగలరు.

ఈఏ ప్లే అనే నెలసరి సభ్యత్వం ఒకటి ఉంది, ఖర్చు తక్కువే. అది ఉన్నవాళ్లకు కొత్త ఆటను 10 గంటలపాటు ఆడి చూసే వీలు ఇస్తారు. ఒక నెలకు తీసుకుని, తర్వాత ఆపేయండి. ఆ 10 గంటలనూ పిల్లవాడికి పూర్తిగా వదిలేయకుండా రెండు మూడు సాయంత్రాలు పక్కన కూర్చోండి. మ్యాడెన్‌లో రూకీ, ప్రో, ఆల్-ప్రో, ఆల్-మ్యాడెన్ అని నాలుగు స్థాయిలు ఉంటాయి. పరీక్షకు ఆల్-ప్రో పెట్టుకోవాలి, కింది స్థాయిల్లో కంప్యూటర్ కావాలనే మెత్తగా ఆడుతుంది.

అన్నిటికంటే నేను నమ్మే పరీక్ష ఆఖరి రెండు నిమిషాలది. మీ అబ్బాయి జట్టు 4 పాయింట్ల ముందుండి, బంతి కంప్యూటర్ చేతిలో ఉండి, గడియారంలో రెండు నిమిషాలు మిగిలిన సందర్భం కోసం చూడండి. ఇప్పుడు కంప్యూటర్‌కు 3 పాయింట్ల ఫీల్డ్ గోల్ ఎందుకూ పనికిరాదు, టచ్‌డౌన్ కావలసిందే. బుద్ధి ఉన్న ప్రత్యర్థి ఏమి చేస్తుంది? బంతిని మైదానం అంచుల వైపు విసురుతుంది, ఎందుకంటే పట్టుకున్నవాడు గీత దాటి బయటికి అడుగు వేస్తే గడియారం ఆగుతుంది. మధ్యలో దొరికిపోతే వెంటనే టైమౌట్ తీసుకుంటుంది. నాలుగో అవకాశంలో ఇంకా ఆరు గజాలు కావాల్సి ఉన్నా తన్నేవాణ్ణి పిలవదు, తెగించి బంతి విసురుతుంది. 40 సెకన్లు మిగిలి ఉండగా 4 పాయింట్ల వెనక ఉన్న కంప్యూటర్ తన్నేవాణ్ణి పంపించిందంటే ఆ ఆటకు లెక్క రాదన్నమాట. దీన్నే తిరగేసి కూడా చూడవచ్చు. కంప్యూటర్ ముందున్నప్పుడు బంతిని పట్టుకుని పరుగెత్తుతూ, రెండు అవకాశాల మధ్య దొరికే 40 సెకన్లను పూర్తిగా కరిగించి, చివర్లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పథకాన్ని నడిపించే ఆటగాడు) చేత మోకాలు నేలకు ఆనించి మ్యాచ్ ముగించాలి. గెలుస్తున్నప్పుడు కూడా అనవసరంగా దూరపు బంతులు విసిరే ప్రత్యర్థితో పిల్లవాడు ఏమీ నేర్చుకోడు.

రెండో పరీక్షకు ఓపిక కావాలి. ఫోర్ వర్టికల్స్ అని ఒక పథకం ఉంటుంది. నలుగురు రిసీవర్లు, అంటే విసిరిన బంతిని పట్టుకునేవాళ్లు, నాలుగు నిలువు దారుల్లో దూరంగా పరుగెడతారు. దాన్నే వరసగా ఎంచుకుంటూ పొమ్మనండి. నిజమైన కోచ్ అయితే మూడోసారికల్లా పసిగట్టి, వెనక కాపలా పెంచి, ఆ దారులు మూసేస్తాడు. అప్పుడు ముందు భాగంలో ఖాళీ ఏర్పడుతుంది, పిల్లవాడు పథకం మార్చి ఆ ఖాళీని వాడుకోవాలి. ఈ ఎత్తు పైఎత్తు జరుగుతుంటే ఆట బతికి ఉన్నట్టే. ఒకే పథకం ఎన్నిసార్లు వేసినా పనిచేస్తూ ఉంటే నెల తిరక్కుండానే విసుగు వచ్చి డిస్కు అటకెక్కుతుంది.

తర్వాత బంతిని చూడటం మానేసి, క్వార్టర్‌బ్యాక్ ముందు వరుసగా నిలబడే ఐదుగురు బలాఢ్యులను మాత్రమే చూడండి. టీవీలో ఫుట్‌బాల్ చూసేవాళ్లలో చాలామందికి కూడా వీళ్లు కంటికి ఆనరు. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు ఒకరి వెనక నుంచి ఒకరు దారి మార్చి దూసుకొచ్చినప్పుడు ఈ ఐదుగురిలో పక్కపక్కన ఉన్నవాళ్లు ఒకరి బాధ్యతను ఒకరికి అప్పగించుకోవాలి. ఒకడు ఎవరినీ ఆపకుండా చేతులు ముందుకు చాచి నిలబడి ఉండగా, వాడి పక్క నుంచే ఎదుటివాడు తీరిగ్గా పోయి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. అది ఒకసారి జరిగితే పొరపాటు. మ్యాచ్‌కు నాలుగైదుసార్లు జరిగితే ఆ ఐదుగురూ అలంకారమే. ఇన్నేళ్లలో ఈ ఆటల మీద నాకున్న అసంతృప్తి ఎక్కువగా ఇక్కడిదే. చెమట చుక్కలను, చొక్కా మడతలను ఎంతో అందంగా గీసేవాళ్లు ఈ ఐదుగురి బుద్ధి మీద ఇంకాస్త శ్రద్ధ పెడితే ఎంత బాగుండును!

బొమ్మల అందం, వ్యాఖ్యానం, ప్రేక్షకుల హోరు గురించి ఎక్కువగా ఆలోచించవద్దు. మొదటి వారం ఆకట్టుకుంటాయి, తర్వాత చెవులూ కళ్లూ అలవాటు పడిపోతాయి. నెట్‌లో తోటివారితో ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం విడిగా కట్టాలని మాత్రం లెక్కలో వేసుకోండి.

మీవారికి కూడా ఒక పని అప్పగించండి, లెక్కలంటే ఇష్టమున్నవారికి నచ్చుతుంది. మ్యాడెన్‌లోని ఫ్రాంచైజ్ అనే విభాగంలో ఒక జట్టును చేతిలోకి తీసుకుని, ఆటగాళ్ల జీతాల పరిమితి చూసుకుంటూ, ఏళ్ల తరబడి నడపవచ్చు. మ్యాచ్‌లు ఆడకుండా కంప్యూటర్ చేతనే వరసగా కొన్ని సీజన్లు జరిపించి, ఫలితాల పట్టికలు తెరవమనండి. నిజమైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక సీజన్‌లో బంతి విసిరి సాధించిన అత్యధిక దూరం 5,477 గజాలు, 2013లో పేటన్ మ్యానింగ్ చేసినది. పరుగులో రికార్డు 2,105 గజాలు, 1984లో ఎరిక్ డికర్సన్‌ది. నాలుగు దశాబ్దాలుగా దాన్ని ఎవరూ దాటలేదు. ఆటలో మాత్రం ఏటా ఇద్దరు ముగ్గురు ఆ అంకెలను సునాయాసంగా దాటిపోతుంటే లోపలి లెక్క తప్పుగా ఉందని అర్థం. అలాగే 38 ఏళ్ల ఆటగాడికి పెద్ద జీతంతో దీర్ఘకాల ఒప్పందం ఇచ్చే జట్లు, ముగ్గురు మంచి క్వార్టర్‌బ్యాక్‌లు ఉండి కూడా నాలుగోవాణ్ణి తెచ్చుకునే జట్లు కనిపిస్తాయేమో చూడమనండి. ఒక్కడే కూర్చుని ఆడుకునే పిల్లవాడికి ఏడాది పొడవునా పనికొచ్చేది ఈ విభాగమే. ఇందులో కార్డులు కొనే అవసరం కూడా లేదు.

ఇక ఆ కార్డుల సంగతి. అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో ఆటగాళ్లు కార్డుల రూపంలో దొరుకుతారు. మ్యాచ్‌లు ఆడి కొన్ని సంపాదించుకోవచ్చు, డబ్బు పెట్టి పొట్లాలూ కొనవచ్చు. పొట్లంలో ఏ కార్డు వస్తుందో విప్పేదాకా తెలియదు. నచ్చిన ఆటగాడు రాకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే మరొకటి. మరుసటి ఏడాది కొత్త ఆట వచ్చినప్పుడు ఈ జట్టు దానిలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పదమూడేళ్ల పిల్లవాడి ముందు పెట్టవలసిన వ్యాపారం ఇది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆట అట్ట మీద అందరూ ఆడదగినదని తెలిపే 'E' అన్న ఇంగ్లిషు అక్షరం ఉంటుంది, దాని కిందే ఆటలో కొనుగోళ్లు ఉంటాయని, వాటిలో ఏమి వస్తుందో ముందుగా తెలియని వస్తువులు కూడా ఉంటాయని రాసి ఉంటుంది. ఆ రెండో వాక్యాన్ని చాలామంది తల్లిదండ్రులు చదవరు. ప్లేస్టేషన్‌లో తల్లిదండ్రుల నియంత్రణల (పేరెంటల్ కంట్రోల్స్) విభాగంలోకి వెళ్లి, పిల్లవాడి ఖాతాకు నెలసరి ఖర్చు పరిమితిని సున్నా చేయండి. మీ కార్డు నంబరు అందులో ఉంటే కొనే ముందు పాస్‌వర్డు అడిగేలా పెట్టండి. ఆట ఇంటికి వచ్చిన తర్వాత కాదు, రాకముందే ఈ పని పూర్తి చేయండి. కారణం కూడా వాడికి విడమరిచి చెప్పండి, ఆ వయసు పిల్లలకు అర్థమవుతుంది.

రెండింటిలో ఏది? మీరు ఉండేది ఫ్రిస్కో. డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన మైదానం మీ ఊళ్లోనే, ది స్టార్‌లో ఉన్నాయి. అక్కడి ఫోర్డ్ సెంటర్‌లో మీ ఊరి బడుల జట్లు కూడా మ్యాచ్‌లు ఆడతాయి. మీ అబ్బాయి నోట వినిపించేది కౌబాయ్స్ ఆటగాళ్ల పేర్లైతే వాడికి కావలసింది మ్యాడెన్. టెక్సస్ లాంగ్‌హార్న్స్, టెక్సస్ ఏ అండ్ ఎం గురించి మాట్లాడుతుంటే కాలేజ్ ఆట. వాడికి రెండూ సమానమే అయితే నా ఓటు కాలేజ్ ఫుట్‌బాల్‌కే.

ఆ ఆట వెనక ఒక కథ ఉంది. కాలేజ్ ఆటగాళ్ల రూపురేఖలను డబ్బు ఇవ్వకుండా వాడుకుంటున్నారంటూ ఎడ్ ఒబానన్ అనే మాజీ కాలేజ్ బాస్కెట్‌బాల్ ఆటగాడు వేసిన దావా దెబ్బకు 2013లో వచ్చిన ఆటతో ఆ వరుస ఆగిపోయింది. 2024 జులైలో మళ్లీ మొదలైనప్పుడు, తమ పేరు వాడుకోవడానికి ఒప్పుకున్న ఒక్కొక్క విద్యార్థి ఆటగాడికి 600 డాలర్లు, ఆట కాపీ ఒకటి ఇచ్చారు. ఆలస్యంగానైనా న్యాయం జరిగిందని నాకు సంతోషం. 26వ ఆటలో 136 కాలేజ్ జట్లు ఉన్నాయి. ఒక్కో కాలేజీకి ఒక్కో ఆటతీరు ఉంటుంది కాబట్టి ఎదుటి జట్టు మారినప్పుడల్లా కొత్తగా ఆలోచించాల్సి వస్తుంది. పరాయి మైదానంలో ఆడేటప్పుడు జరిగేది మీరూ ఒకసారి చూడండి. కీలకమైన మూడో అవకాశంలో ప్రేక్షకులు హోరెత్తగానే తెర వణుకుతుంది, రిసీవర్లు పరుగెత్తాల్సిన దారులను చూపే గీతలు వంకరలు తిరిగిపోతాయి. కొత్త క్వార్టర్‌బ్యాక్ అయితే ఏ గీత ఎటు పోతోందో కనబడదు, ముందే గుర్తుపెట్టుకుని ఉంటేనే సరైన చోటికి విసరగలడు. నిజమైన స్టేడియంలో పందొమ్మిదేళ్ల కుర్రవాడికి చెవులు దిమ్మెక్కే అనుభవాన్ని ఇలా చేతికి అందించడం నాకు ఎంతో నచ్చింది. నేను గొప్ప రూపకల్పన అనేది ఇలాంటిదాన్నే.

గుద్దుకునే ఆట అన్న మీ బెంగ గురించి. తెర మీద రక్తం ఉండదు, తిట్లు ఉండవు, పడినవాడు లేచి తన వరుసలోకి వెళతాడు. తల దెబ్బల విషయంలో మ్యాడెన్ 12 ఒక మంచి పని చేసింది. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి ఆ మ్యాచ్‌లో మళ్లీ దింపడానికి ఆ ఆట ఒప్పుకునేది కాదు, ఎందుకో వ్యాఖ్యాతలు చెప్పేవారు. మీరు గట్టిగా ఆలోచించవలసింది తెర మీది దెబ్బల గురించి కాదు. ఈ ఆట ఇష్టపడిన పిల్లవాడు రేపు బడి జట్టులో హెల్మెట్ పెట్టుకుని చేరతానంటే వచ్చే దెబ్బల గురించి. దానికి వైద్యుడి సలహా, కోచ్‌తో ముఖాముఖి మాట, మీ ఇద్దరి ఏకాభిప్రాయం కావాలి. ఢీకొనడం లేకుండా నడుముకు కట్టిన గుడ్డ పీలికను లాగే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా దాన్ని చేర్చారు. వాడు మైదానంలోకి దిగుతానంటే మొదట ఆ దారి చూపించండి.

కొనే పద్ధతి చెప్పి ముగిస్తాను. మీ ప్లేస్టేషన్‌కు డిస్కు పెట్టే అర ఉంటే డిస్కే కొనండి. నెట్ నుంచి దింపుకున్న ఆటను తిరిగి అమ్మలేరు, డిస్కును అమ్మవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ సమయానికి ఈ ఆటల ధర బాగా తగ్గుతుంది, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దగ్గర పడేసరికి ఇంకా తగ్గుతుంది. ఈ ఏడాది ఆట పరీక్షల్లో నెగ్గకపోతే వాడిన డిస్కుల దుకాణంలో నిరుటి కాలేజ్ ఆటను తీసుకోండి. దానిలో ఈ ఏటి జట్ల మార్పులు ఉండవు, 134 జట్లే ఉంటాయి, నేను చెప్పిన ఆ స్టేడియం హోరు మాత్రం అందులోనూ ఉంది. ఒకసారి కొన్నాక రెండేళ్లు ఆగి, అప్పుడు మళ్లీ ఈఏ ప్లేలో ఆఖరి రెండు నిమిషాల పరీక్ష పెట్టండి. ఈసారి ఆ పరీక్షను మీ అబ్బాయినే చేయమని, ఏమి కనిపించిందో మీవారికి వివరించమని అడగండి. ఆ తర్వాతే 70 డాలర్ల మాట.